సౌర ఫలకాలా, అణు పరిశోధనా?

ప్రశ్న: మా ఊరి పక్కనే పెద్ద సౌర పార్కు ఉంది. అణుశక్తి మిషన్‌కు కేంద్రం 2025-26 బడ్జెట్‌లో 20,000 కోట్లు ప్రకటించింది. ఆ డబ్బుతో ఇలాంటి పార్కులే కట్టవచ్చు కదండీ?
– ఒక పాఠకురాలు, ఓర్వకల్లు

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదేనమ్మా. మీ 1,000 మెగావాట్ల పార్కు 2017లోనే సిద్ధమైంది. తమిళనాడులోని కల్పాక్కంలో 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ (వాడిన దానికంటే ఎక్కువ ఇంధనం తయారుచేసే అణు రియాక్టర్) నిర్మాణం 2004లో మొదలైతే, దాని గర్భంలో భాగాలు అమర్చడం 2024కు గానీ మొదలవలేదు. ఇరవై ఏళ్లు! ఆ జాప్యం నన్నూ బాధిస్తుంది.

అయినా పరిశోధన ఖర్చునూ, ఉత్పత్తినీ ఒకే తక్కెడలో తూచలేం. ఆ 20,000 కోట్లు చిన్న రియాక్టర్ల పరిశోధనకు. 2033 నాటికి కనీసం అయిదు నడపాలన్నది లక్ష్యం. మీ ఫలకాలు ఏడాది సగటున సామర్థ్యంలో పావు వంతు ఇస్తే గొప్పే. నేను సబ్‌స్టేషన్‌లో పనిచేసిన రోజుల్లో, దీపాలు పెట్టే వేళకు మీటరు ముల్లు చరచరా పైకి లేచేది. సరిగ్గా అప్పుడే సూర్యుడు ఉండడు.

అందుకే మీకు దగ్గరలోని పిన్నాపురం పథకం నాకు ముఖ్యం. పగటి కరెంటుతో నీటిని పై జలాశయానికి తోడి, అవసరమైన వేళ కిందికి వదిలి విద్యుత్తు తీస్తారు. ఇలాంటి నిల్వల పరిశోధనకు ఎంత కేటాయించారని మీ ఎంపీని అడగండి.