తోడల్లుడు మాల్దీవులు వెళ్ళొచ్చారు, మేం ఎక్కడికి వెళ్తే గొప్పగా ఉంటుంది?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. తెలుగువాళ్ళు ఏయే చోట్లను డబ్బున్నవాళ్ళ విహారస్థలాలుగా చూస్తారన్నది ఒకటి. మీ పదో పెళ్ళిరోజుకు రెండున్నర లక్షల లోపు ఖర్చుతో దంపతులిద్దరూ ఎక్కడికి వెళ్తే మాల్దీవులకు దీటుగా ఉంటుందన్నది రెండోది. విజయవాడలో చాలాకాలంగా టికెట్లు, టూర్లు బుక్ చేసే పనిలో ఉన్నాను. మొదటిదానికి ఆ అనుభవంతోనే జవాబు చెబుతాను. అది చదివితే రెండోదానికి నేను ఆ సలహా ఎందుకు ఇస్తున్నానో మీకు అర్థమవుతుంది.

ఒక ఊరికి గొప్ప పేరు రావడానికి అందం కారణమని నేను అనుకోను. ధర కూడా సగమే కారణం. అక్కడికి చేరడం ఎంత కష్టం, మొత్తం ఎన్ని గదులున్నాయి, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపేస్తారు అన్నవే అసలు లెక్క. గుమ్మం తెరుచుకున్న రోజు నుంచి ఆ ఊరి పేరు తగ్గడం మొదలవుతుంది. కొండలూ సముద్రమూ ఎప్పటిలాగే ఉంటాయి, వెళ్ళొచ్చినవాళ్ళ మాటకు మాత్రం విలువ తగ్గుతుంది.

ఊటీనే తీసుకోండి. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1820లలో అక్కడ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి అది దొరల ఊరు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు కింద ఉన్న కాలంలో ఎండాకాలం రాగానే ప్రభుత్వమే ఊటీకి తరలిపోయేది. గవర్నరు, పెద్ద అధికారులు వెళ్ళేవారు. వాళ్ళ వెనకే సంస్థానాధీశులు, జమీందార్లు. మెట్టుపాళయం నుంచి కొండ రైలు కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో నడిచింది. మా నాన్నగారి తరంలో ఎవరైనా వేసవికి ఊటీ వెళ్తారంటే ఆ ఇంటి ఆస్తి గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు బస్సు టూర్ల వాళ్ళు కూడా ఊటీ, కొడైకెనాల్ రెండూ చూపించి తీసుకొచ్చేస్తున్నారు. జనం ఎంత పెరిగారంటే, మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి బయటి వాహనాలకు ఈ-పాస్ పెట్టాల్సి వచ్చింది. అయితే ఊరు అందరిదీ అయినా ఊటీ క్లబ్బు అందరిదీ కాలేదు. సభ్యులకూ వాళ్ళ అతిథులకూ తప్ప లోపలికి ప్రవేశం లేదు. అంటే ఆ గొప్పతనం ఊరంతా వదిలేసి ఒక ప్రహరీ లోపలికి చేరింది. అందుకే ఏ ఊరు అని అడిగితే సరిపోదు, ఆ ఊళ్ళో ఎక్కడ దిగారన్నది కూడా అడగాలి.

సింగపూర్, మలేసియా, బ్యాంకాక్‌ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒకప్పుడు అక్కడి నుంచి తెచ్చిన సెంటు సీసాలు బంధువులకు పంచడమే పెద్ద ముచ్చట. తర్వాత విశాఖ నుంచి కూడా సింగపూర్‌కు నేరుగా విమానం వచ్చింది. 2023 చివర్లో థాయిలాండ్, మలేసియా మనవాళ్ళకు వీసా అక్కర్లేకుండా చేశాయి. ఇప్పుడు కాలేజీ కుర్రాళ్ళు కూడా డబ్బులు జమచేసుకుని వెళ్ళొస్తున్నారు. నాకైతే ఇది చాలా సంతోషం కలిగించిన మార్పు. విమానం ఎక్కడమే ఎరగని ఇళ్ళ నుంచి పిల్లలు పాస్‌పోర్టు పట్టుకుని మా ఆఫీసుకు వస్తుంటే ఆ రోజంతా హుషారుగా ఉంటుంది.

ఇక మాల్దీవులు. ఈ పదేళ్ళలో నేను విన్న పేర్లలో ఇంత బలమైన పేరు మరొకటి లేదు. దాని వెనక ఉన్న పథకం చాలా పాతది. 1972లో కురుంబా అనే మొదటి రిసార్టు తెరిచినప్పటి నుంచి ఒక దీవికి ఒకే రిసార్టు అన్న పద్ధతిని నిలబెట్టుకుంటూ వచ్చారు. ఆ దీవిలో వేరే ఊరుండదు, వేరే హోటలుండదు, బయటివాళ్ళు వచ్చి నిలబడే వీధి కూడా ఉండదు. వీసా విషయంలో మనకు ఏ ఇబ్బందీ లేదు, దిగగానే ఉచితంగా ఇస్తారు. కాబట్టి అక్కడ గుమ్మం వీసా దగ్గర లేదు, విమానాశ్రయం దాటాక మొదలవుతుంది. దూరపు దీవులకు సీప్లేన్‌లో, అంటే నీటి మీద దిగే చిన్న విమానంలో వెళ్ళాలి. దానికి రానూపోనూ మనిషికి నాలుగైదు వందల డాలర్లు అవుతుంది. అది పగటి వెలుతురులోనే ఎగురుతుంది. సాయంత్రం విమానంలో దిగినవాళ్ళు ఆ రాత్రి రాజధాని మాలే దగ్గరే గది తీసుకోక తప్పదు. రిసార్టు చూపించే ధర మీద జీఎస్టీ, పది శాతం సర్వీసు చార్జీ, తలకు రోజుకింత చొప్పున గ్రీన్ ట్యాక్స్ పడతాయి. భోజనం బయట తిందామంటే చుట్టూ సముద్రమే.

మన ఇళ్ళలో ఈ పేరు మారుమోగింది మాత్రం కరోనా తర్వాతే. 2020 జులైలో మాల్దీవులు తలుపులు తెరిచాయి. మిగతా దేశాలు మూసుకుని ఉండడంతో సినిమావాళ్ళందరికీ అదొక్కటే దారి అయింది. ఆ నవంబరులో కాజల్ అగర్వాల్ దంపతులు సముద్రం అడుగున ఉన్న గదిలో దిగిన ఫొటోలు ప్రతి ఫోనులోకీ వచ్చాయి. ఆ తర్వాతి పెళ్ళిళ్ళ సీజన్లో నీటి మీద చెక్క ఇల్లు కావాలని అడగని కొత్త జంట దాదాపు లేదు.

మీతో గట్టిగా చెప్పాలనుకుంటున్న సంగతి ఇక్కడే ఉంది. ఒక తండ్రి కూతురి పెళ్ళి అయ్యాక నా దగ్గరికి వచ్చి, వియ్యాలవారు అడిగారు, మాల్దీవులే కావాలి అన్నారు. పెళ్ళి అప్పు అప్పటికే ఉంది. దాని మీద మరో అప్పు చేసి టూరు కట్టారు. కేరళలో హౌస్‌బోటు, కుమరకంలో మంచి రిసార్టు సగం కంటే తక్కువలో వస్తాయని, అక్కడా నీళ్ళ పక్కనే గది ఉంటుందని ఎంత చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. ఆ అమ్మాయికి మాత్రం ఈ అప్పు సంగతి తెలియదు. తెలిస్తే వెళ్ళేది కాదని నా నమ్మకం. వెళ్ళొచ్చే చోటుకు ఇంత బరువు పెట్టడం నాకు బాధగా ఉంటుంది, అందుకే అప్పు చేసి వెళ్తామన్నవాళ్ళను ఇప్పటికీ ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడతాను.

స్విట్జర్లాండుది మరో రకం గొప్ప. అక్కడ గుమ్మం వీసాయే. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూపు, 90 యూరోల ఫీజు, అన్నీ అయ్యాక తిరస్కరించే అవకాశం. అందుకే షెంగెన్ వీసా, అంటే స్విట్జర్లాండుతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా పడిన పాస్‌పోర్టుకు బంధువుల్లో ఒక విలువ ఉంది. మనవాళ్ళు గ్రూపు టూర్లలో లూసర్న్, ఇంటర్లాకెన్ తిరుగుతారు. యుంగ్‌ఫ్రావ్‌యోహ్ దగ్గర 3,454 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్ దాకా రైల్లో వెళ్ళి మంచులో ఫొటో దిగుతారు. ఆ రైలు 1912 నాటిది, దాని కోసం కొండ లోపల తవ్విన సొరంగం చూస్తే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ యూరప్ ధనవంతుల దృష్టిలో గొప్ప ఊళ్ళు వేరే ఉన్నాయి. సెయింట్ మోరిట్స్, గ్‌ష్టాడ్ లాంటివి. 1864లో సెయింట్ మోరిట్స్ హోటలు యజమాని బాడ్రుట్, చలికాలంలో కూడా వచ్చి చూడండి, నచ్చకపోతే ప్రయాణ ఖర్చు నాదేనని ఇంగ్లీషు అతిథులతో పందెం కాశాడని, శీతకాలపు విహారాలు అలా మొదలయ్యాయని అక్కడ చెప్పుకుంటారు. అలాంటి ఊళ్ళలో వాళ్ళు వారాల తరబడి ఒకేచోట ఉంటారు. మన టూర్లలో ఏడు రోజుల్లో నాలుగు దేశాలు తిప్పుతారు. నన్నడిగితే గొప్పింటి విహారానికీ మామూలు విహారానికీ అసలు తేడా ఇదే. వాళ్ళకు తొందర ఉండదు.

పెద్దవాళ్ళ లెక్కలు వేరు. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో ఇప్పటికీ కొడుకు పిలిస్తే అమెరికా వెళ్ళి నయాగరా చూసొచ్చిన తల్లిదండ్రులకు ఉన్న గౌరవం ముందు మాల్దీవులు నిలవవు. ఇంకా పైమెట్టు కైలాస మానస సరోవరం. విదేశాంగ శాఖ నడిపే ఆ యాత్ర 2020 నుంచి ఆగిపోయి 2025లో మళ్ళీ మొదలైంది. దేశం మొత్తం మీద 750 మందికి మాత్రమే అవకాశం ఇచ్చారు, అదీ కంప్యూటర్ లాటరీలో. నేపాల్ మీదుగా ప్రైవేటు దారి ఉన్నా, లాటరీలో పేరు వచ్చి, ఆరోగ్య పరీక్షలు దాటి వెళ్ళొచ్చినవాళ్ళను మా వీధిలో చూసే తీరే వేరు. డబ్బు పనిచేయని గుమ్మం కంటే గట్టి గుమ్మం ఏముంటుంది?

నిజంగా డబ్బున్నవాళ్ళు ఎక్కడికి వెళ్తారన్నది కూడా చెప్పాలి. నాకు తెలిసిన కొద్దిమంది ఊరి పేరు చెప్పరు. హోటలు పేరు చెప్పి, ఎన్ని గదులున్నాయో అడుగుతారు. ఇరవై ముప్ఫై గదులు దాటితే వద్దంటారు. సెలవుల్లో వెళ్ళరు, ఫొటోలు పెట్టరు. అలాంటివాళ్ళ కోసం కొన్ని దేశాలు కావాలనే సంఖ్య తగ్గించి ధర పెంచాయి. రువాండాలో కొండ గొరిల్లాల దగ్గర ఒక గంట గడపడానికి పర్మిట్ 1,500 డాలర్లు. భూటాన్ విదేశీ పర్యాటకుల నుంచి రాత్రికి 100 డాలర్లు వసూలు చేస్తుంది, అదీ 2023లో సగానికి తగ్గించాక.

మీకు నేను చెప్పేది ఆ భూటానే. అమెరికావాళ్ళు, యూరప్‌వాళ్ళు రాత్రికి 100 డాలర్లు కట్టి, వీసా తీసుకుని వెళ్ళే చోటికి మనం రోజుకు 1,200 రూపాయలు కట్టి వెళ్ళొచ్చు. ఇద్దరికీ ఆరు రాత్రులకు 14,400 రూపాయలు. పాస్‌పోర్టు లేకపోతే ఓటరు కార్డు చాలు, ఆధార్ మాత్రం చెల్లదు. వాళ్ళ నగదు విలువ మన రూపాయితో సమానం. భూటాన్ విమానాశ్రయం ఉన్న పారో లోయలోకి విమానం దిగడం మామూలు సంగతి కాదు, ప్రత్యేక శిక్షణ పొందిన పైలట్లే నడపగలరు. అమన్, సిక్స్ సెన్సెస్ లాంటి ఖరీదైన రిసార్టులు ప్రపంచంలోని ధనవంతుల కోసమే అక్కడ ఉన్నాయి. అవి మీ బడ్జెట్‌లో రావు, కానీ అదే లోయలో, అదే పైన్ చెట్ల మధ్య మంచి హోటళ్ళు హాయిగా వస్తాయి. మీ బంధువుల్లో ఎవరూ ఇంకా వెళ్ళలేదన్నారు కాబట్టి, మీరు కోరుకున్న గొప్ప కూడా దక్కుతుంది.

మీ భార్యకు సముద్రమే ఇష్టమైతే మాల్దీవులకే వెళ్ళండి, కానీ మరో రకంగా. 2009 తర్వాత జనం ఉండే దీవుల్లోనూ అతిథిగృహాలకు అనుమతి ఇచ్చారు. మాఫుషీ అలాంటిదే, మాలే నుంచి స్పీడు బోటులో అరగంటో ముప్పావుగంటో. అవే నీళ్ళు, అవే చేపలు. మూడు రాత్రులు అక్కడుండి, స్పీడు బోటులో వెళ్ళగలిగే రిసార్టులో చివరి ఒక్క రాత్రి నీటి మీద గది తీసుకోండి. ఆ ఒక్క రాత్రికీ మధ్యాహ్నం లోపే చేరండి, లేకపోతే కట్టిన డబ్బులో సగం చీకట్లో పోతుంది. జనం ఉండే దీవుల్లో మద్యం దొరకదు, బట్టల విషయంలో కూడా పద్ధతి పాటించాలి, ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి.

విమానం ఎక్కడమే వద్దనుకుంటే ఫలక్‌నుమాలో ఒక్క రాత్రి. నిజాం దగ్గర ప్రధానిగా చేసిన వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ ప్యాలెస్ 2010 నవంబరులో హోటలుగా తెరుచుకుంది. గేటు దగ్గర నుంచి గుర్రబ్బండిలో పైకి తీసుకెళ్తారు. 101 మంది కూర్చునే భోజనాల బల్ల చూసితీరాలి. తెలుగునేల మీద దానికి సాటి వచ్చే విడిది నాకు తెలియదు, మన హైదరాబాదులో ఉందన్న ఒకే కారణంతో దాన్ని తక్కువగా చూస్తున్నాం.

భూటాన్ ఖాయం చేసుకుంటే మార్చి నుంచి మే లోపు గానీ, అక్టోబరు, నవంబరుల్లో గానీ వెళ్ళండి. వానాకాలం వద్దు. పారోకు ఢిల్లీ మీదుగా టికెట్ తీసుకుని, వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటు అడగండి, మబ్బు లేకపోతే ఎవరెస్టు కనిపిస్తుంది. పారో దగ్గర కొండచరియ మీద ఉన్న తాక్‌సాంగ్ బౌద్ధ ఆశ్రమం ఎక్కడానికి మూడో రోజు పెట్టుకోండి, ఆ ఎత్తుకు ఊపిరి అలవాటు పడటానికి రెండు రోజులు కావాలి. మీ ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నాయని రాశారు కదా, సగం దూరం దాకా గుర్రాలు దొరుకుతాయి, మిగతా మెట్లు మాత్రం నడవాల్సిందే.