వీధిలో రోజూ చూసే మొక్కల్లో ఫొటో తీయడానికి ఏముంటుంది?

ఊరు దాటితే తప్ప కెమెరా తీయబుద్ధి కావడం లేదని, ఇంటి చుట్టుపక్కల ఎటు చూసినా అవే కుండీలు, అవే పిచ్చిమొక్కలని మీరు రాశారు. నేను తీసిన వాటిలో నాకు బాగా నచ్చినవి ఆ పిచ్చిమొక్కల ఫొటోలే. పువ్వుల జోలికి నేను పెద్దగా పోను. పువ్వు ఎవరు తీసినా అందంగానే వస్తుంది, చూసేవాళ్లకి అందులో కొత్తగా కనబడేది తక్కువ.

ముందు వెలుతురు ఎటునుంచి పడుతోందో చూడండి. సూర్యుడు మీ వెనకుంటే ఆకు పైభాగం తళతళలాడుతుంది, అంతే. మీరు సూర్యుడి వైపు తిరిగి, వెలుతురు ఆకు వెనకనుంచి వచ్చేలా నిలబడితే ఈనెలన్నీ బయటపడతాయి, లేతాకు ఏదో, ముదురాకు ఏదో తెలిసిపోతుంది. గోడ పగుల్లో మొలిచిన రావి మొక్క దగ్గర ఇలా ఓసారి చూడండి. దాని చిగురు రాగిరంగులో ఉంటుంది కదా, ఎండ వెనకనుంచి పడగానే దాదాపు ఎర్రగా వెలుగుతుంది. లేత ఆకుల్లో ఉండే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల ఆ ఎరుపు. ఆకు ముదిరేకొద్దీ అది పోతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు.

ఇంకొకటి, పొద్దున్నే గడ్డిపరకల కొసన ఒక్కో బొట్టు నిలబడి ఉంటుంది. మంచు అనుకుంటాం గానీ చాలాసార్లు కాదు. మంచైతే ఆకంతా సన్నగా పరుచుకుంటుంది. కొసన, అంచుల వెంట వరసగా నిలిచే బొట్లు మొక్క లోపలివి. రాత్రి గాలిలో తేమ ఎక్కువగా ఉండి ఆకు నుంచి నీరు ఆవిరి కానప్పుడు, వేర్లు పీల్చిన నీరు అంచుల్లోని సన్నటి రంధ్రాల్లోంచి ఉబికి వస్తుంది. ఇది తెలిశాక ఎప్పుడు వెతకాలో నాకు తెలిసొచ్చింది: నేల బాగా తడిసి, రాత్రి ఉక్కగా ఉంటే మర్నాడు ఎండ ఎక్కకముందే వెళ్లాలి. ఆ బొట్టు లెన్స్‌లా పనిచేస్తుంది, వెనకున్న మేడలు, కరెంటు తీగలు అందులో తలకిందులుగా కనబడతాయి. ఫోకస్ బొట్టు అంచు మీద కాకుండా లోపలి ఆ బొమ్మ మీద పెట్టండి.

ఫోన్‌తో తీస్తుంటే మరీ దగ్గరికి పోకండి. చాలా ఫోన్లు అలాంటప్పుడు వైడ్ లెన్స్‌కి మారిపోతాయి, వెనకున్న చెత్తంతా ఫ్రేములోకి వస్తుంది, పైగా ఫోన్ నీడ ఆకు మీదే పడుతుంది. కాస్త వెనక్కి జరిగి జూమ్ లెన్స్ వాడటం నయం. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి వచ్చే వెలుతురు, కొంచెం తగ్గిస్తే ఆకుపచ్చ కళ్లు చెదిరేలా రాదు.

చూసి నేర్చుకోవాలంటే కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ (1865–1932) ఫొటోలు చూడండి. బెర్లిన్‌లో కళా విద్యార్థులకు పాఠం చెప్పడానికి మామూలు కలుపు మొక్కల్ని, చుట్టలు చుట్టుకున్న ఫెర్న్ చిగుళ్లని తాను తయారుచేసుకున్న కెమెరాతో అనేక రెట్లు పెద్దవి చేసి తీశాడాయన. వెనకాల ఏమీ ఉండదు, ఉత్త బూడిదరంగు. అమెరికాలో ఇమోజెన్ కన్నింగ్‌హామ్ అనే ఫొటోగ్రాఫర్ 1920లలో పిల్లలు చిన్నవాళ్లు కావడంతో ఇల్లు కదల్లేక, పెరటి మొక్కల్నే తీస్తూ పోయింది. మీకు దగ్గరగా ఉన్నది ఆమె పరిస్థితే.

అయితే బ్లాస్‌ఫెల్ట్ పద్ధతి ఒక్కటి నేను పాటించను. వెనకాల పెచ్చులూడిన గోడో, తుప్పు పట్టిన పైపో ఉంటే దాన్ని తప్పించను. పట్నంలో మొలిచిన మొక్కకి అదే చోటు కదా, అడవిలో ఉన్నట్టు చూపించడం నాకు నచ్చదు. గాలికి కొమ్మ ఊగుతుంటే మాత్రం కుస్తీ పట్టకండి. బరస్ట్‌లో పెట్టి వరసగా తీసేసి, ఇంటికెళ్లాక ఏరుకోండి.