పరిశోధన వృత్తి: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తవుతోంది. పరిశోధనలోనే స్థిరపడాలని ఉంది. పీహెచ్‌డీకి గైడ్‌ను ఎలా ఎంచుకోవాలి?

జవాబు: సంస్థ పేరు చూసి కాదు, ల్యాబ్ చూసి చేరండి. ఆ గైడ్ గత ఐదేళ్ల పేపర్లు ముందేసుకోండి. మీ రంగంలో మొదటి పేరు సాధారణంగా పని చేసినవారిది, చివరి పేరు గైడ్‌ది. మొదటి పేర్లలో విద్యార్థులు ఉన్నారా, వాళ్లకు పీహెచ్‌డీ ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడున్నారు అన్నది ఆరా తీయండి. గైడ్ పక్కన లేనప్పుడు అక్కడి విద్యార్థులతో మాట్లాడండి. మధ్యలో మానేసినవాళ్లు ఉంటే వాళ్లతోనూ తప్పకుండా.

మెయిల్ చిన్నదిగా ఉండాలి. వారి పేపర్ ఒకటి చదివి మీకొచ్చిన సందేహం, మీరు స్వయంగా చేసిన ప్రయోగాలు రాయండి. ‘మీ పరిశోధన అంటే ఎంతో ఆసక్తి’ అన్న మాట ఎవరికైనా పంపొచ్చు. అందుకే దానికి జవాబు రాదు.

ప్రశ్న: ల్యాబ్‌లో చేరి మూడు నెలలైంది. పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కను ఎన్నో రెట్లు కాపీ చేసే పద్ధతి) ఒకసారి చక్కటి బ్యాండ్ (జెల్ మీద డీఎన్ఏ కనిపించే గీత) వచ్చింది, మళ్లీ సరిగా రావట్లేదు. ఒక్కోసారి శాంపిల్ వేయని ట్యూబులోనూ బ్యాండ్ కనిపిస్తోంది. ఈ వృత్తికి పనికిరానేమో!

జవాబు: అలా అనుకోకండి. ఏమీ రాకూడని ట్యూబు ఒకటి, శాంపిల్ లేకుండా, పోల్చడానికి పెట్టారంటేనే మీకు పద్ధతి తెలుసు. అందులో బ్యాండ్ జెల్ అడుగున మసగ్గా ఉంటే ప్రైమర్లు (కాపీ మొదలవడానికి వేసే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు. అసలు బ్యాండ్ ఎత్తులోనే ఉంటే నీళ్లలోనో ప్రైమర్లలోనో డీఎన్ఏ కలిసినట్టే. పాతవి పారేయండి. కొత్తవి చిన్న ట్యూబుల్లో పంచి పెట్టుకోండి. పీసీఆర్ అయిన ట్యూబులు తెరిచే బల్ల మీద కొత్త మిక్స్ కలపకండి.

ఇక పిపెట్, అంటే ద్రవాన్ని కొలిచి తీసే పరికరం. 100 మైక్రోలీటర్ల నీళ్లు పదిసార్లు తూచండి, ప్రతిసారీ 0.1 గ్రాముకు దగ్గరగా రావాలి. ద్రవం తీసేటప్పుడు బటన్ మొదటిసారి ఆగే చోటిదాకానే నొక్కాలి, ఇంకా నొక్కితే ఎక్కువ ఎక్కుతుంది. ఎంజైమ్ గ్లిసరాల్‌లో చిక్కగా ఉంటుంది, గబుక్కున లాగితే తక్కువే ఎక్కుతుంది. ట్యూబుకు అర మైక్రోలీటరు చొప్పున వేయడం కష్టం. పది ట్యూబులుంటే పదకొండింటికి సరిపడా మాస్టర్ మిక్స్ (శాంపిల్ తప్ప మిగతావన్నీ ఒకేసారి కలిపిన మిశ్రమం) కలిపి పంచండి.

బ్యాండ్ వచ్చిన రోజు వాడిన ఎంజైమ్ లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు), ఉష్ణోగ్రతలు, ఏ మెషీన్ అన్నవి రాసుకున్నారా? లేకపోతే ఈరోజే మొదలుపెట్టండి. పేజీ నంబర్లున్న కుట్టు పుస్తకంలో పెన్నుతో రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి తేదీ వేయండి, వైట్‌నర్ వద్దు. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఒకే శాంపిల్‌ను మూడు ట్యూబుల్లో వేస్తే అది మూడు ప్రయోగాలు కాదు, ఒక్కటే.

ప్రశ్న: పీహెచ్‌డీ తర్వాత ప్రొఫెసర్ కాలేకపోతే?

జవాబు: కంపెనీల పరిశోధన విభాగాలు, పేటెంట్ పని, జర్నల్ ఎడిటింగ్, డేటా విశ్లేషణ ఉన్నాయి. స్టాటిస్టిక్స్, ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ మొదటి ఏడాదే మీ సొంత డేటా మీద నేర్చుకోండి. థీసిస్ రాసే ఏడాదిలో అంత తీరిక ఉండదు.