గంట మీది పేరు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మడికి,

మార్కోనీ మావయ్య ఆశీస్సులు. నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మా సెకండ్ ఇంజనీర్ కూతురు కథ రాసిందని మురిసిపోతూ చదివాను, అది లెక్కలోకి రాదు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఆ పెన్సిల్ సంగతులే ఈ ఉత్తరం.

"మొహమాటం లేకుండా చెప్పండి మావయ్యా" అన్నావు. ఈ మాట అన్నవాళ్ళలో సగం మందికి మొహమాటమే కావాలి. నువ్వు ఇంజన్ రూమ్ మనిషి కూతురివి కాబట్టి నిజంగానే అడిగావనుకుంటున్నాను.

ముందు ఆ మొదటి పేరా కొట్టెయ్. ఉవ్వెత్తున ఎగిసే కెరటాలు, బంగారు కిరణాలు, అనంత సాగరం, అన్నీ. కనుమ వెళ్ళాక వచ్చే శని ఆదివారాల్లో మా పాత షిప్పువాళ్ళం ఇన్నేళ్ళుగా భీమిలిలో కలుస్తున్నాం. గెస్ట్‌హౌస్ వరండాలోంచి చూస్తే ఎదురుగా సముద్రమే. ఆ రెండు రోజుల్లో ఒక్కడైనా దాన్ని చూసి ఆహా అన్నాడా? గాలికి పేకముక్కలు ఎగిరిపోతున్నాయని కుర్చీలన్నీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాం. నువ్వు అక్కడే ఉన్నావు, చూశావు కూడా. తీరా రాయడానికి కూర్చునేసరికి నీ కథలో కుర్చీలు సముద్రం వైపు తిరిగిపోయాయి.

షిప్పు మీద పనిచేసినవాడికి సముద్రం గుమస్తాకి ఆఫీసు గోడ లాంటిది. దాని ఊసు ఎత్తడు. ఎత్తేదల్లా ఆదివారం బిర్యానీ, రిలీవర్ రాక పొడిగించిన కాంట్రాక్టులు, ఓవర్‌టైమ్ గంటలు కొట్టేసిన చీఫ్ ఆఫీసరు, నాలుగు నెలల జీతం ఎగ్గొట్టి పరదేశం రేవులో మమ్మల్ని వదిలేసిన యజమాని. ఆ చివరిదాన్ని తలుచుకుని అంతమంది ముసలాళ్ళం కడుపు పట్టుకుని నవ్వాం కదా, నీ కథలో అది లేదు. నవ్వాల్సిన విషయం కాదని వదిలేశావా?

ఇక గంట సంగతి. ఏటా ఆదివారం పొద్దున్న, ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు చదివి ఎనిమిది గంటలు కొడతాం, జంట జంటగా నాలుగుసార్లు. షిప్పు మీద అరగంటకొకటి చొప్పున పెంచుకుంటూ కొడితే నాలుగు గంటల వాచ్, అంటే డ్యూటీ వంతు, అయ్యేసరికి ఎనిమిది. ఎనిమిది మోగిందంటే డ్యూటీ దిగి వెళ్ళిపోవచ్చు. ఈసారి చదివిన పేర్లలో మీ నాన్నది ఉంది, అందుకే మీ అమ్మా నువ్వూ వచ్చారు. ఆ ఘట్టం నీ కథలో బాగుంది. నిజంగా బాగుంది, ఎక్కడా కన్నీళ్ళు కారలేదు. కానీ "వాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేసిన ఓడ తాలూకు గంట" అని రాశావు.

అమ్మడూ, ఆ గంట మీద చెక్కిన పేరు చదివావా?

చదవలేదు. చదివుంటే అడిగేదానివి. అది గుజరాత్‌లో అలంగ్ రోడ్డు మీద కొన్నది. 1983 నుంచి అక్కడ పాత షిప్పుల్ని ఒడ్డుకెక్కించి విరగ్గొడుతున్నారు. వాటి మంచాలు, కుర్చీలు, కప్పులు, లైఫ్ జాకెట్లు, అన్నీ రోడ్డు పక్క దుకాణాల్లో అమ్ముతారు. మా గుంపులో ఒకాయన తన పాత షిప్పు గంట దొరుకుతుందేమోనని పనిగట్టుకుని వెళ్ళాడు. దొరకలేదు. ఉత్త చేతులతో రాలేక ఎవరిదో గ్రీకు షిప్పు గంట కొనుక్కొచ్చాడు. మాలో ఒక్కడూ ఆ షిప్పు ఎక్కలేదు, దాన్ని చూడనైనా లేదు. ఏటా మావాళ్ళు పోయినందుకు ఆ గ్రీకు గంట కొడుతున్నాం. మోగించే ముందు సారంగ్ చింతపండుతో తోముతాడు. పేరున్న చోట మాత్రం గట్టిగా రుద్దడు, అక్షరాలు అరిగిపోతాయని. నువ్వు ఆరు పేజీల్లో చెప్పాలని తంటాలు పడింది ఆ తోమడంలో ఉంది. పక్కనే నిలబడి ఫొటో తీసుకున్నావు.

మాటల గురించి ఒక్క ముక్క. "నావికులు", "వంటవాడు", "నౌకాయానం" అని రాశావు. ఆ రెండు రోజుల్లో ఈ మాటలు ఎవరి నోటైనా విన్నావా? షిప్పు అంటాం, సెయిలింగ్ అంటాం, డ్యూటీకి షిప్పు ఎక్కితే సైన్ ఆన్, దిగితే సైన్ ఆఫ్ అంటాం. డెక్ మీది జనానికి పెద్ద సారంగ్, అతని కింద టిండాల్, చుక్కాని పట్టేవాడు సుఖానీ, స్టోరు చూసేవాడు కస్సాబ్, వంట చేసేవాడు భండారి. రేడియో ఆఫీసర్ని కాబట్టి నన్ను, వైర్‌లెస్ కనిపెట్టిన మార్కోనీ పేరుతో, మార్కోనీ సాబ్ అనేవాళ్ళు, ఆయనెవరో తెలియనివాళ్ళు కూడా. పాఠకుడికి అర్థం కావేమోనని భయపడకు. పక్క వాక్యంలో మనిషి చేత పని చేయించు, మాట దానంతటదే తెలుస్తుంది.

ఆ పిలుపుల వెనక మెట్లున్నాయి, అవి కూడా రావాలి. శనివారం రాత్రి భోజనాల దగ్గర కెప్టెన్ వచ్చేసరికి భండారి లేచి నిలబడ్డాడు. ఆయనకి ఎనభైకి రెండేళ్ళు తక్కువ. కెప్టెన్ భుజం పట్టి కూర్చోబెట్టాడు. కూర్చున్నాడు, కుర్చీ అంచున, సగం మీదే. పెరుగన్నం దాకా అలాగే తిన్నాడు. "ఇక్కడ హోదాలు లేవు, అందరూ ఒక్కటే" అని నువ్వు రాసిన వాక్యం కెప్టెన్ మైకులో చెప్పిన వాక్యం. ఆయన మనసారా చెప్పాడు, అబద్ధం కాదు. అయినా భండారి కుర్చీని నమ్ము.

సూయజ్ దగ్గర నా పెన్సిల్ విరిగినంత పనైంది. టిండాల్ చెప్పిన కథ ఉన్నదున్నట్టు దించావు. 1972లో సూయజ్ కాలువ దాటుతూ పోర్ట్ సయీద్‌లో పడవ మీద వచ్చినవాడి దగ్గర వాచీ కొనడం, సాయంత్రానికి అది ఆగిపోవడం, విప్పి చూస్తే లోపల ఏమీ లేకపోవడం. మంచి కథ. ఏటా చెప్తాడు, ఏటా నవ్వుతాం. కాకపోతే 1967 జూన్ యుద్ధంతో మూతపడ్డ సూయజ్ మళ్ళీ తెరుచుకున్నది 1975 జూన్‌లో. ఆ ఎనిమిదేళ్ళూ మన షిప్పులు ఆఫ్రికా చుట్టూ తిరిగి యూరప్ వెళ్ళాయి. 1972లో ఎవడూ సూయజ్ దాటలేదు.

అలాగని బల్ల దగ్గర ఆయన్ని సరిదిద్దకు. అది పాపం. నువ్వు మాత్రం తెలుసుకుని ఉండాలి, ఎందుకంటే నీ కథ చదివేవాళ్ళలో ఒక్కడికి ఆ సంగతి తెలిసినా మిగతా ఆరు పేజీలూ వాడు నమ్మడు. ఇంకో కారణం కూడా ఉంది. వాచీ కొన్న మాట నిజమే, నేను ఆ వాచీ చూశాను. ఆ ప్రయాణం 1976ది. మరి 72 అని ఎందుకంటాడు? ఆ ఏడు ఆయన నిజంగానే ఆఫ్రికా చుట్టూ తిరిగే షిప్పులో ఉన్నాడు. ఏడు నెలల తర్వాత ఇంటికొచ్చేసరికి కవిటిలో పెద్ద కొడుకు లేడు. 72 అనగానే నోటికి ఒక కథ కావాలి, చెప్పుకోదగ్గది. వాచీ తెచ్చి అక్కడ పెట్టుకున్నాడు. ఇది నా ఊహే, ఆయన్ని అడగలేదు, అడగను. ఏటేటా చెప్పే కథ బాగా అరిగి నున్నగా ఉంటుంది, చెయ్యి వేస్తే జారిపోతుంది. ఎక్కడో ఒక తేదీ, ఒక ఊరు, ఒక పేరు అతకదు. అక్కడ గోరు పెట్టి చూడు.

నీ ఫోన్ రికార్డింగు కూడా విన్నాను. పంపినందుకు సంతోషం. అందులో భండారి రెండుసార్లు ఆగాడు. రెండుసార్లూ "తర్వాతేమైంది తాతగారూ?" అని నువ్వే అందుకున్నావు.

మా రేడియో రూమ్‌లో గోడ గడియారానికి ఎర్ర రంగు ముక్కలు రెండుండేవి. ప్రతి గంటలోనూ 15వ నిమిషం నుంచి 18 దాకా, మళ్ళీ 45 నుంచి 48 దాకా. ఆ మూడేసి నిమిషాలు, ఆపద పిలుపులు వచ్చే 500 కిలోహెర్ట్జ్ మీద ప్రపంచంలో ఏ షిప్పూ, ఏ తీరం స్టేషనూ మీట నొక్కకూడదు. అందరూ చెవులు రిక్కించి వినాలి. బ్యాటరీ అయిపోతున్న షిప్పు ఏదైనా బలహీనంగా పిలుస్తుంటే, మిగతావాళ్ళు నోరు మూస్తే గానీ వినపడదు కదా. నేను 22 ఏళ్ళు విన్నాను. అందులో పిలుపు వినపడింది రెండుసార్లు. మిగతాదంతా ఉత్త గరగర. అయినా ఆ మూడు నిమిషాలూ చెవి తియ్యలేదు. 1999 ఫిబ్రవరి 1తో శాటిలైట్ పద్ధతి పూర్తిగా వచ్చేసి మా ఉద్యోగమే లేకుండా పోయింది. మొదట్లో ఈ కలయిక పెట్టుకున్నది అలా ఒడ్డున పడ్డ రేడియోవాళ్ళమే. ఇంజనీర్లూ, డెక్ వాళ్ళూ తర్వాత చేరారు. చెప్పొచ్చేదేమిటంటే, వచ్చే ఏడు భండారి దగ్గర కూర్చున్నప్పుడు అతను ఆగితే నువ్వూ ఆగు. ఆ తాటాకు విసనకర్ర తీసి విసురు, కావాలంటే.

ఆడవాళ్ళ బల్ల దగ్గర నువ్వు అరగంట కూడా కూర్చోలేదు. జీతంలోంచి ఇంటికొచ్చే అలాట్‌మెంటు డబ్బు పడని నెలల్లో ఎవరి దగ్గర బియ్యం బదులు తెచ్చుకున్నారో, సెలవుకి వచ్చిన తండ్రిని చూసి "ఈ అంకుల్ ఎప్పుడెళ్తాడమ్మా" అన్న పిల్లలు ఎవరో, అవన్నీ అక్కడే ఉన్నాయి. మా కథలు మేమే చెప్పుకున్నాం గానీ వాళ్ళవి ఇంతవరకూ సరిగ్గా ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు. రాయలేను కూడా, నేను వెళ్తే వాళ్ళు మాట మార్చేస్తారు.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను. రేడియో ఆఫీసరు సర్టిఫికెట్ పుచ్చుకున్నప్పుడే, చెవిన పడ్డ కబురు ఎవరిదో వాళ్ళకి తప్ప ఇంకొకరికి చెప్పనని మాటిచ్చాం. ఇచ్చిన మాట షిప్పు దిగేదాకా నిలబెట్టుకున్నాను. దిగాక కథకుణ్ణయ్యాను. ఒక రాత్రి మా ఎలక్ట్రీషియన్‌కి తండ్రి పోయాడని టెలిగ్రాం వచ్చింది. నేనే ఇచ్చాను. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, తెల్లారేదాకా మెస్‌లో పేకాడాడు. దాన్ని కథ చేశాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, ఎలక్ట్రీషియన్‌ని ఫిట్టర్ చేశాను. ఒక వారపత్రికలో వచ్చింది, నలుగురూ మెచ్చుకున్నారు. ఆ ఏడు అతను భీమిలి రాలేదు. మరుసటేడూ రాలేదు. నాకు తెలుసు ఎందుకో.

మూడో ఏడు వచ్చాడు. టీ గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు. "ఆ రాత్రి ఆడింది రమ్మీ కాదురా. మూడుముక్కలాట. రమ్మీ అయితే ఆలోచించాలి కదా."

అడిగి రాయాలా, అడక్కుండా రాయాలా అని నీ ఉత్తరం చివర అడిగావు. నాకు తెలిసింది ఇంతే. అడిగుంటే వద్దనేవాడు. అడక్కుండా రాసి రెండేళ్ళు మనిషిని పోగొట్టుకున్నాను, పైగా ఆట కూడా తప్పు రాశాను.

నీ కథలో తండ్రి పాత్ర తేలిపోతోంది. గంభీరమైన మనిషి, మితభాషి, లోపల ప్రేమ. ఇవి ఎవరి తండ్రికైనా సరిపోతాయి. మీ నాన్నది ఒక్క సంగతి ఇస్తాను, అది నీది కూడా కాబట్టి ఇస్తున్నాను.

1990. విశాఖలో ఇనుప ఖనిజం నింపుకుని జపాన్ వెళ్తున్నాం. దక్షిణ చైనా సముద్రంలో ఉండగా కబుర్లున్న షిప్పులవంటూ మద్రాస్ రేడియో చదివిన జాబితాలో మా కాల్ సైన్, అంటే మా షిప్పు గుర్తు, వినపడింది. అప్పటికి పది రోజులుగా మీ నాన్న ఫ్యాన్ బాగుచేసే నెపంతో రోజూ రేడియో రూమ్‌కి వచ్చి, జాబితా చదివే వేళకి అక్కడే తచ్చాడుతున్నాడు. ఫ్యాన్ బాగానే ఉంది. మోర్సులో మూడు నాలుగు మాటలు దిగాయి. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. కాగితం చేతికిచ్చాను. "సరిగ్గా విన్నావా? బాయ్ కాదు కదా?" అన్నాడు. "దానికి మూడక్షరాలు, ఇది నాలుగు" అన్నాను. ఏమీ అనలేదు. కిందికి వెళ్ళి వాచ్ చేసుకున్నాడు.

నాలుగు గంటల తర్వాత చేతులకి నూనెతోనే పైకొచ్చి జవాబు పంపాలన్నాడు. ఫారం ఇచ్చాను. టెలిగ్రాంకి మాటకింతని డబ్బు, చిరునామా మాటలు కూడా లెక్కే. ముందు తొమ్మిది మాటలు రాశాడు. చదువుకుని కొన్ని కొట్టేశాడు. మళ్ళీ కొన్ని. డబ్బుకి వెనకాడే మనిషి కాదు, అది నీకూ తెలుసు. చివరికి చిరునామా కింద ఒక్క మాట మిగిలింది. నీ పేరు.

పంపాను. ఆ టెలిగ్రాం కాగితం మీ అమ్మ దగ్గర ఉండే ఉంటుంది, ట్రంకుపెట్టెలో ఎక్కడో. అడిగి చూడు. కథ మళ్ళీ రాశాక పంపు, తొందరేం లేదు. ఈసారి భీమిలికి శుక్రవారం సాయంత్రానికే వచ్చేస్తే సారంగ్ గంట తోముతూ ఉంటాడు.

మీ
మార్కోనీ మావయ్య