కండువా మార్చే ముందు ఇది చదువు, అల్లుడూ

అల్లుడూ,

మొన్న నువ్వు ఫోన్ పెట్టేశాక రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో చెబితే మీ అత్త మధ్యలో దూరి "వాడికెందుకండీ ఈ గొడవ" అంటుంది, అసలు సంగతి పక్కకి పోతుంది.

కన్సల్టెన్సీ బాగా నడుస్తోంది, సిటిజన్‌షిప్ వచ్చి పదేళ్లయింది, ఇక అమెరికా కాంగ్రెస్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, నిలబడతానన్నావు. అందులో దిగువ సభ హౌస్‌కి 25 ఏళ్ల వయసు, ఏడేళ్ల పౌరసత్వం ఉంటే చాలు కాబట్టి నీకు అడ్డేమీ లేదు. నాకు నిద్ర పట్టకుండా చేసింది నువ్వు చివర్లో అన్న మాట. "ఈ పార్టీలో లైను పొడుగ్గా ఉంది మామయ్యా, అవతల ఖాళీగా ఉంది, మారిపోతాను" అన్నావు.

దానికే వస్తాను. ముందు డబ్బు సంగతి చెప్పనీ, ఎందుకంటే వ్యాపారస్తులు మొదట బోల్తా పడేది అక్కడే. కార్పొరేషన్‌గా ఉన్న నీ కంపెనీ డబ్బు ఫెడరల్ ఎన్నికల్లో అభ్యర్థికి ఇవ్వకూడదు, ఆ అభ్యర్థివి నువ్వే అయినా సరే. నీ జేబులోంచి మాత్రం ఎంతైనా పెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 1976లోనే ఆ మాట తేల్చింది. మిగతా వ్యక్తులు నీకిచ్చే చందా 2025-26లో ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లు దాటకూడదు. పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ, ఆ తర్వాత అసలు ఎన్నిక జనరల్, వేరువేరు లెక్క. నీ దగ్గర హెచ్-వన్-బీ మీద ఉన్న పిల్లల దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోకు. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు, వీసా మీద ఉంటే ఇవ్వకూడదు. ఆ పిల్లలు జీతం లేకుండా వచ్చి ఫ్లయర్లు పంచితే తప్పులేదు. కానీ బాస్ ఎదురుగా నిలబడి అడిగితే కాదనలేరు, అది నువ్వే గుర్తుపెట్టుకోవాలి. ఇక "మీరు చందా ఇవ్వండి, బోనస్‌లో సర్దుతా" అన్నావో, అది నేరం.

సొంత డబ్బు పెడితే గెలుస్తామనుకోవడం ఇంకో భ్రమ. శ్రీ ఠాణేదార్ గారి సంగతి చూడు. కర్ణాటక నుంచి 1979లో వచ్చి, కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, ల్యాబుల వ్యాపారంలో ఎదిగి, ఒకసారి దివాలా దెబ్బ తిని, మళ్లీ లేచిన మనిషి. 2018లో మిషిగన్ గవర్నర్ పదవికి సొంత సొమ్ము కుమ్మరించి నిలబడితే ప్రైమరీలో మూడో స్థానం వచ్చింది. ఆ తర్వాత 2020లో రాష్ట్ర ప్రతినిధుల సభకి గెలిచాడు, 2022లో కాంగ్రెస్‌కి. కాంగ్రెస్‌కి పోటీ చేసినప్పుడూ సొంత డబ్బు పెట్టాడులే, కాకపోతే మధ్యలో ఒక చిన్న మెట్టు ఎక్కాడు. మన నెల్లూరు మనిషి ఉపేంద్ర చివుకుల గారు కూడా ఇక్కడ ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్లో, మేయర్‌గా పనిచేశాకే న్యూజెర్సీ అసెంబ్లీకి వెళ్లాడు. నువ్వేమో ప్లానింగ్ బోర్డు మీటింగుకి ఒక్కసారైనా పోలేదు.

సరే, పార్టీ మారడం. ఇండియాలో 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది, ఇక్కడ అదీ లేదు. కాగితం పని మరీ తేలిక. న్యూజెర్సీలో ఒక పార్టీ ఓటరుగా నమోదై ఉంటే, ప్రైమరీకి కనీసం 55 రోజుల ముందు ఫారం ఇచ్చి మారిపోవచ్చు. నేను మారినప్పుడు క్లర్క్ ఆఫీసులో ఆ ఫారం మీద సంతకం పెట్టడానికి నిమిషం పట్టలేదు. ఆవిడ తేదీ ముద్ర కొట్టి, తల ఎత్తకుండానే "ఇంకేమైనా ఉందా?" అంది. అంతే.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. మా ఊరిని నడిపే ఐదుగురి టౌన్‌షిప్ కమిటీలో అప్పటికి నాది రెండో టర్మ్. గోడౌన్‌కి పర్మిషన్ విషయంలో పార్టీతో పడలేదని అందరికీ చెప్పాను. అది నిజమే. కానీ వాళ్లు నాకు మళ్లీ టికెట్ ఇవ్వరని నాకు ముందే తెలుసు, అదీ నిజమే. రెండోది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెబుతున్నాను. నా మొదటి ఎన్నికలో మా వీధి చివరి రిటైర్డ్ టీచరమ్మ మోకాళ్ల నొప్పితోనే నాతోపాటు ఇల్లిల్లూ తిరిగింది. నేను మారిన సంగతి ఆవిడ పేపర్లో చూసింది. ఫోన్ చేసి, "చలిలో నీకోసం తలుపులు కొట్టాను. నాకు చెప్పడానికి రెండు నిమిషాలు దొరకలేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కొత్త పార్టీ మీటింగుకి వెళితే నవ్వుతూ చేతులు కలిపారు, నేను దగ్గరికి రాగానే మాట మార్చారు. ఆ నవంబర్‌లో ఓడిపోయాను. ఇక్కడ మెడలో కండువాలు ఉండవు కానీ, గోడ దూకినవాడిని జనం ఇక్కడా గుర్తుపడతారు.

మారి నెగ్గినవాళ్లు లేరా అంటావు. ఉన్నారు. టెక్సాస్‌లో హౌస్ సభ్యుడు ఫిల్ గ్రామ్ 1983 జనవరిలో డెమొక్రాట్‌గా ఉన్న సీటుకి రాజీనామా ఇచ్చి, అదే సీటుకి రిపబ్లికన్‌గా ఉపఎన్నికలో నిలబడి గెలిచాడు. "మారాను, ఇప్పుడు మీరే చెప్పండి" అని నేరుగా ఓటర్ల ముందుకి పోయాడన్నమాట. పెన్సిల్వేనియాలో సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ 2009లో రిపబ్లికన్ల నుంచి డెమొక్రాట్లలోకి వచ్చాడు. మళ్లీ గెలవడానికే మారానన్న ఆయన మాటనే ప్రత్యర్థి టీవీ యాడ్‌లో వాడుకున్నాడు, స్పెక్టర్ 2010 ప్రైమరీలో ఓడాడు. మన దక్షిణ జెర్సీలో హౌస్ సభ్యుడు జెఫ్ వాన్ డ్రూ 2019 చివర్లో డెమొక్రాట్ల నుంచి రిపబ్లికన్లలోకి మారితే సిబ్బందిలో కొందరు మానేశారు, అయినా 2020లో గెలిచాడు. ఆ జిల్లా 2016లోనే ట్రంప్‌కి మొగ్గింది, ఆయన వెనకాల మారాడు. నీ జిల్లా అలాంటిదేనా? టౌన్ల వారీ ఓట్లు కౌంటీ క్లర్క్ వెబ్‌సైట్లో ఉంటాయి, గత నాలుగు ఎన్నికలవి తీసి చూడు.

ఇంకోటి. ఇన్నేళ్లుగా ఈ పార్టీవాళ్లకి నువ్విచ్చిన చందాలు, ఒక్కో అభ్యర్థికి 200 డాలర్లు దాటినవన్నీ, నీ పేరు, నువ్వు పనిచేసే చోటుగా నీ కంపెనీ పేరుతో సహా ఎఫ్ఈసీ (ఫెడరల్ ఎన్నికల కమిషన్) వెబ్‌సైట్లో ఉన్నాయి. ఎదుటివాడికి అవి తీయడానికి పది నిమిషాలు చాలు. మీ ఇంట్లో జరిగిన ఫండ్‌రైజర్ ఫొటోలు సరేసరి.

అయినా మారాలనే ఉంటే, ఏ విషయంలో తేడా వచ్చిందో ఒక పేజీలో రాసి నాకు పంపు. అందులో "ఖాళీ" అనే మాట రాకూడదు. పేజీ నిండకపోతే ఈసారికి ఆగు. నిండితే, ఫారం ఇచ్చేలోపు, నీతో కలిసి పనిచేసినవాళ్లకి ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చెయ్యి. వాట్సాప్ మెసేజ్ పెట్టకు. ముందు, నిన్ను ఎక్కువ తిట్టేవాళ్లకి చెయ్యి.

ఆదివారం పిల్లల్ని తీసుకుని రా. నా పాత ఎన్నికల బోర్డులు ఇంకా గ్యారేజీలోనే ఉన్నాయి. అట్టలు పారేద్దాం, మీ అత్త ఎప్పటినుంచో పోరుతోంది. ఇనుప కడ్డీలు మాత్రం తుప్పు పట్టలేదు, ఏ పార్టీలో నిలబడినా పనికొస్తాయి, కారులో వేసుకుని పో.

మామయ్య