జాజెన్ మొదలుపెట్టాలంటే ముందు పరుపుల కొట్టుకి వెళ్ళండి

మీ ప్రశ్న: "హైదరాబాద్‌లో ఉంటాను. జాజెన్, అంటే జపాన్ జెన్ బౌద్ధుల పద్ధతిలో కూర్చుని చేసే ధ్యానం, మొదలుపెట్టాలని ఉంది. గురువు దొరకడం లేదు, మా అపార్ట్‌మెంట్‌లో ప్రశాంతత లేదు. ఎలా?"

గురువు సంగతీ ప్రశాంతత సంగతీ తర్వాత చూద్దాం. కింద ఏం వేసుకుని కూర్చుంటున్నారో మీరు చెప్పనేలేదు. అసలు విషయం అదే. నన్నడిగితే మనసు నిలవక మానేసినవాళ్ళు తక్కువ, మోకాళ్ళు ఓర్చక మానేసినవాళ్ళే ఎక్కువ. బయటికి చెప్పేటప్పుడు మాత్రం అందరూ "ఆలోచనలు ఆగట్లేదండీ" అంటారు. అలా అంటే కాస్త గౌరవంగా ఉంటుంది కదా.

"తరతరాలుగా నేల మీద కూర్చునేవాళ్ళం, మనకెందుకు కుషను?" అన్నారు మా ఆయన. ఆ కాలం ఎప్పుడో పోయింది. ఇంట్లో డైనింగ్ టేబులు, పెళ్ళిలో బఫే, వ్రతానికి కూడా పీట బదులు స్టూలు. చాప మీద బాసింపట్టు వేస్తే మోకాళ్ళు గాల్లోకి లేస్తాయి, నడుం వెనక్కి జారుతుంది, కాసేపటికే వీపు పట్టేస్తుంది. అదే సీటు కొంచెం ఎత్తులో ఉంటే మోకాళ్ళు రెండూ నేలకి ఆనుతాయి, నడుం దానంతటదే నిలబడుతుంది. జపాన్ జెన్ గురువు డోగెన్ చైనా నుంచి తిరిగొచ్చాక 1227లో రాసిన సూచనల్లో కూడా మందపాటి పరుపు వేసి, దాని మీద గుండ్రటి దిండు పెట్టుకోమనే ఉంది. ఆ దిండునే జాఫు అంటారు.

ఆన్‌లైన్‌లో ధర చూసి కళ్ళు తిరిగి, సందు చివరి పరుపుల కొట్టుకి వెళ్ళాను. జాఫులో సంప్రదాయంగా నింపేది బూరుగు దూది. కొట్టు చాచాకి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను.

"ఇది దిండా అమ్మా, పీటా?"

"రెండూ కాదు చాచా. దీని మీద కూర్చుని గోడకేసి చూడాలి."

ఆయన నవ్వలేదు. "గోడను చూస్తందుకు ఇంత గట్టిగ ఎందుకమ్మా?" అని సీరియస్‌గా అడిగి, బూరుగు దూది ఇప్పుడెవ్వరూ అడగరని, అందరికీ ఫోమే కావాలని విసుక్కున్నాడు. లోపలెక్కడో మూట ఉందంటూ వెళ్ళి తీసుకొచ్చాడు. మందపాటి గుడ్డని రెండు గుండ్రాలుగా కత్తిరించి, మధ్యలో కుచ్చిళ్ళు పెట్టిన పట్టీ వేసి, దబ్బనంతో కుట్టాడు. దూది పిడికిళ్ళతో దట్టించి, నేల మీద పెట్టి, తనే ఎక్కి కూర్చున్నాడు. లుంగీ సర్దుకుని మోకాళ్ళు నేలకి తగిలాయో లేదో చేత్తో తడిమి చూసుకుని, "ఇంక ఎత్తు గావాలె. నాల్గు దినాలైతే అణుగుతది" అని దిగి, కుట్టు విప్పి ఇంకో రెండు పిడికిళ్ళు కూరాడు. పక్కన కాస్త కుట్టకుండా వదిలి నాడా కట్టాడు, అణిగినప్పుడల్లా నింపుకోమని. రోజంతా అలా నేల మీద కూర్చుని కుట్టే మనిషి కదా, వీపు స్తంభంలా ఉంది. ధ్యానం గురించి నాకు ఎవరూ ఇంత పనికొచ్చే మాట చెప్పలేదు.

మిగతాది తొందరగా చెప్తాను. కింద బొంత నాలుగు మడతలు వేసి, దాని మీద జాఫు పెట్టుకోండి. జాఫు మొత్తం ఆక్రమించకుండా ముందు సగం మీదే కూర్చోవాలి. పద్మాసనం వస్తే సరే, రాకపోతే రెండు కాళ్ళూ మడిచి ఒకదాని ముందొకటి నేల మీదే ఉంచండి. అదీ కుదరకపోతే కుర్చీ, కానీ వీపు ఆనించకూడదు. కుడి అరచేతిలో ఎడమ చెయ్యి, బొటనవేళ్ళ కొసలు తగిలీ తగలనట్టు. కళ్ళు మూయకూడదు, సగం తెరిచి చూపు కిందికి వాల్చాలి. జెన్ శాఖల్లో సోటో వాళ్ళు గోడకి ఎదురుగా కూర్చుంటారు, రింజాయ్ వాళ్ళు గోడ వైపు వీపు పెడతారు. వదిలే ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి, లెక్క తప్పితే మళ్ళీ ఒకటి. మొదట్లో పావుగంట చాలు. తిమ్మిరెక్కితే గబుక్కున లేవకండి, పడతారు.

ఆఫీసుల్లో పెట్టించే వర్క్‌షాపులంటే నాకు ఒళ్ళుమంట. మైకులో "కళ్ళు మూసుకుని నది ఒడ్డున ఉన్నట్టు ఊహించుకోండి" అంటారు. ఏసీ చల్లదనానికి సగం మంది నిద్రపోతారు. జెన్‌లో ఊహలూ లేవు, నదీ లేదు. గోడే. పొద్దున్నే వాట్సాప్‌లో కోఆన్‌లు (జెన్ గురువులు శిష్యులకిచ్చే చిక్కుప్రశ్నలు) ఫార్వర్డ్ చేసే బాబాయిలకి ఇంకో దండం. కోఆన్ గురువు ఎదుట కూర్చుని తేల్చుకునేది, గుడ్ మార్నింగ్ మెసేజ్ కాదు.

ప్రశాంతత లేదన్నారు. మా లిఫ్టు ప్రతి అంతస్తులోనూ తలుపు మూయమని అరుస్తుంది. నేను కూర్చునే వేళకే వాచ్‌మన్ బోరు మోటారు వేస్తాడు. వినిపిస్తే వినిపించనివ్వండి, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. శబ్దం లేని వేళ కోసం చూస్తే ఈ ఊళ్ళో ఈ జన్మకి కూర్చోలేరు. 1992లో హుస్సేన్ సాగర్ మధ్య పెట్టిన బుద్ధుడికే హారన్లు తప్పట్లేదు, పైగా ఆయన నిలబడి ఉన్నాడు.

ఇక గురువు. జెన్ గురుపరంపర జాబితాలో మన నాగార్జునుడి పేరుంది, 14వ వాడు. నాగార్జునసాగర్ రోడ్డులోనేమో విపశ్యన కేంద్రం ఉంది! అక్కడ పది రోజుల కోర్సు మంచిదే కానీ పద్ధతి వేరు, కళ్ళు మూసుకుని ఒంట్లో స్పందనలు గమనించమంటారు. రెండూ కలిపి వండకండి. జెన్ కోసమే అయితే కొడైకెనాల్ దగ్గర పెరుమాళ్‌మలైలో బోధి జెండో ఉంది, అమా సామి అనే జెస్యూట్ ఫాదర్ 1996లో పెట్టారు. జెన్ ధ్యాన శిబిరాన్ని సెషిన్ అంటారు, అంటే రోజంతా కూర్చోవడమే, మధ్యమధ్యలో మెల్లగా నడక. మోకాళ్ళు అలవాటు పడ్డాకే టికెట్ బుక్ చేసుకోండి. జాఫు మోసుకెళ్ళక్కర్లేదు, అక్కడుంటాయి.