పొగాకు విత్తనం మొలవట్లేదా? పైన మన్ను కప్పకండి

హనుమకొండలో డాబా మీద కుండీల్లో జులైలో రెండుసార్లు పొగాకు విత్తనం వేశానని, వేలితో గుంట చేసి మన్ను కప్పి రోజూ నీళ్లు పోసినా ఒక్కటీ మొలవలేదని, విత్తనం పాడైందేమోనని అడిగారు. మీ విత్తనం మంచిదే అయ్యుంటుంది. మొదటి ఏడు నేనూ ఇలాగే టమాటా విత్తనం వేసినట్టు వేశాను. ఇరవై రోజులు చూసి కుండీ బోర్లించేశాను.

మా పెద్దమ్మ పుట్టిల్లు ఏటూరునాగారం వైపు, గోదావరి ఒడ్డున. ఆమెకు చెబితే "దానికి మన్ను కప్పుతరా బిడ్డా, బూడిదల కలిపి పైపైన చల్లాలె" అంది. పొగాకు గింజ నువ్వుగింజలో పదో వంతు కూడా ఉండదు. ఒక గ్రాములో పదివేలకు పైగానే ఉంటాయి. అంత చిన్న గింజలో దాచుకున్న బలం ఎంత ఉంటుంది? అర అంగుళం మన్ను తోసుకుని పైకి రాలేదు. పైగా మొలకెత్తడానికి దానికి కాస్త వెలుతురు కూడా కావాలి.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. మాగిన పశువుల పెంట, ఎర్రమన్ను, ఇసుక సమానంగా కలిపి జల్లెడ పడతాను. వెడల్పాటి ట్రేలో నింపి, తడిపి, అరచేత్తో మెల్లగా అదుముతాను. చిటికెడు విత్తనాన్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి టీ జాలీతో చల్లుతాను. అంతే, పైన ఏమీ వేయను. నీళ్లు పై నుంచి పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. అందుకే ట్రే అడుగున బెజ్జాలు పెట్టి, నీళ్లున్న బేసిన్‌లో పది నిమిషాలు ఉంచుతాను. మన్ను కింది నుంచే తడి పీల్చుకుంటుంది. మీరు వేసింది జులై అన్నారు కదా, మన దగ్గర ఆ నెల వాన దెబ్బకు డాబా మీద ఈ గింజ నిలవదు. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో సజ్జ కింద, వెలుతురు పడే చోట పెట్టండి. వారం పది రోజుల్లో పచ్చటి చుక్కలు కనిపిస్తాయి.

ఆ తర్వాత మూడు వారాలు మొక్క పెరిగినట్టే అనిపించదు, టెన్షన్ పడకండి. ఆ దశలో అసలు భయం నారుకుళ్లు. తడి ఎక్కువైతే కాడ మొదట్లో మెత్తబడి మొక్కలు గుంపుగా పడిపోతాయి. ఒత్తుగా ఉన్నచోట పలచన చేయండి. కుళ్లు కనబడితే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందు లీటరు నీళ్లకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడపండి. ఆకులు రూపాయి బిళ్లంత అయ్యాక ఒక్కోటి పేపర్ కప్పులోకి, జానెడు ఎత్తయ్యాక పెద్ద కుండీలోకి.

మిరపకు పేనుబంక పట్టింది, పొగాకు కషాయం కోసమే పెంచుతున్నానన్నారు. ఇక్కడ మాత్రం నా మాట వినండి. పొగాకుకు వచ్చే మొజాయిక్ వైరస్ మిరపకు, టమాటాకు కూడా అంటుకుంటుంది. చేతుల ద్వారానే పాకుతుంది, ఎండిన ఆకులో కూడా బతికే ఉంటుంది. పొగాకు ముట్టుకున్న చేత్తో మిరప నారు ముట్టి, అది అంటుకుని, ఒక ఏడాది నేను పన్నెండు మొక్కలు పీకేయాల్సి వచ్చింది. పేనుబంకకు వేపనూనె, కాస్త సబ్బునీళ్లు చాలు. పొగాకు మొక్క మీద ఇష్టంతో పెంచితే సరే, గులాబీ రంగు గొట్టాల్లాంటి పూలు చూడముచ్చటగా ఉంటాయి. మిరపకు దూరంగా పెట్టి, ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లలను దాని దగ్గరికి రానివ్వకండి. తడి ఆకుల్లోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, తల తిరిగి వాంతులవుతాయి.

మిగిలిన విత్తనాన్ని పారేయకండి. తడి తగలని చిన్న సీసాలో మూత బిగించి పెడితే ఏళ్ల తరబడి మొలకెత్తుతుంది. నా దగ్గరున్నది నాలుగేళ్ల కిందటిది, పోయిన సెప్టెంబర్‌లో కూడా బాగానే మొలిచింది.